సగటున అందరం బాగున్నాం

ఆ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడికి ప్రపంచంలో ఏదీ విడిగా కనిపించదు. ఏది చూసినా పక్కనున్నదాన్ని కూడా కలిపి, భాగించి, సగటు తీస్తే తప్ప ఆయనకు తిన్నది అరగదు. అందరూ ఆయన్ని ఎదురుగా మాస్టారనీ, చాటుగా సగటు మాస్టారనీ అంటారు. ఈ సంగతి తెలిసిన రోజున కూడా ఆయన కోప్పడలేదు. "సగం సార్లైనా మర్యాదగా పిలుస్తున్నారు కదా!" అని సంతోషించారు.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకరోజు ఆయన భార్య వడ్డిస్తూ, "ఎలా ఉన్నాయి కూరలు?" అని అడిగింది.

"ఒకదాంట్లో ఉప్పెక్కువైంది. రెండోదాంట్లో అసలు లేదు. సగటున అద్భుతం!"

"అయితే రెండూ కలుపుకుని తినండి," అని ఆవిడ గరిటె అక్కడే వదిలేసి లేచిపోయింది. మాస్టారు నిజంగానే కలుపుకుని తిన్నారు. పైగా మారు వడ్డించుకున్నారు.

మూడో తరగతికి కొత్తగా వచ్చిన టీచరమ్మకి మొదట్లో ఈ లెక్కల పిచ్చి మింగుడుపడలేదు. ఆమె చేరిన వారంలోనే వీధి చివర టైలరు తన కొడుకు చదువు కనుక్కుందామని వచ్చాడు.

"మావాడెలా చదువుతున్నాడు మాస్టారూ?"

"తరగతి సగటు పెరిగిందయ్యా."

"తరగతినంతా నేను కన్నానా ఏంటి? మావాడి సంగతి చెప్పండి."

"మీవాడు లేకపోతే ఈ సగటు వచ్చేదా చెప్పు?"

టైలరు అది పొగడ్తో ఎత్తిపొడుపో తేల్చుకోలేక కాసేపు నిలబడ్డాడు. చివరికి పొగడ్తేనని నిర్ణయించుకుని మీసం దువ్వుకుంటూ వెళ్లాడు.

పరీక్షలయ్యాక టీచరమ్మ మార్కులు పేర్లతో సహా వరండాలో రాయబోతే మాస్టారు పరుగున వచ్చారు.

"వద్దమ్మా, తరగతికి ఒక్క అంకె చాలు. బోర్డు చిన్నది."

ఆ బోర్డు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంది. దాని మధ్యలో ఒంటరిగా ఒక్క అంకె, పెద్ద పళ్లెంలో ఆవగింజలా.

ఒకప్పుడు ఆ బడికి ఆ వీధి పిల్లలే వచ్చేవారు. వెనక స్థలంలో అంతస్తుల మీద అంతస్తులు లేవడం మొదలయ్యాక పని వెతుక్కుంటూ ఎక్కడెక్కడి కుటుంబాలో వచ్చాయి. ఇప్పుడు మూడో తరగతిలో సగం మంది వాళ్ల పిల్లలే. ఏడాది సగం గడిచాక చేరిన ఒక రెండు జడల పిల్ల మరీ చిన్నది, మరీ నెమ్మది. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. పుస్తకం తెరిస్తే, చీకటి గదిలో స్విచ్చి కోసం తడుముకున్నట్టు అక్షరాల మీద వేలు తడుముతుంది.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బాగా వెనకబడిన పిల్లల్ని గుర్తించి, ఊరి ఆ చివరనున్న ప్రత్యేక బడికి మార్చాలట; వాళ్లెవరో తేల్చడానికి తనిఖీ అధికారి వస్తాడట. ఆ పిల్ల తల్లి, ఇటుకలు మోసే కూలీ, ఈ మాట విని టీచరమ్మ దగ్గరికి వచ్చింది.

"అంత దూరం ఎవరు దింపుతారమ్మా? అక్కడికే పొమ్మంటే చదువు మాన్పించి నాతోపాటు పనికి తెచ్చుకుంటాను. ఇంకేం చెయ్యను?"

టీచరమ్మకి అన్నం సహించలేదు. అబద్ధమాడటం ఆమెకు రాదు. మాస్టారి గదికి వెళ్లి, "రేపు తనిఖీ అధికారి అడిగితే నేనేం చెప్పాలండీ?" అంది.

"నిజమే చెప్పాలమ్మా," అన్నారు మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ. "సగటున."

మర్నాడు అధికారి వస్తూనే మూడో తరగతిలోకి నడిచాడు. "ఇక్కడ అందరికంటే వెనకబడిందెవరు?"

తన చూపే చెప్పేస్తుందేమోనని టీచరమ్మ కిటికీ వైపు తిరిగింది.

"మూడో తరగతి సగటు చెప్పమంటారా?" అన్నారు మాస్టారు.

"సగటు వద్దండీ. పేరు కావాలి."

"సగటుకి ఇంతవరకు ఎవరూ పేరు పెట్టలేదండీ."

అధికారి పళ్లు కొరుక్కున్నాడు. "పోనీ, బయటినుంచి వచ్చిన పిల్లలకి ఎన్ని భాషలు వచ్చు?"

"తలకి ఒకటిన్నర."

"అర భాషేంటండీ?"

"ఇంట్లో ఒకటి పూర్తిగా వచ్చు. మనది సగం వచ్చింది. మిగతా సగం దారిలో ఉంది."

"వయసెంత?"

"మిమ్మల్నీ నన్నూ కలుపుకుంటే ఈ గదిలో సగటు పదేళ్లు. ఆ వయసుకి మీరు చాలా ఎదిగారు."

పిల్లలు కిసుక్కుమన్నారు. టీచరమ్మ నవ్వాపుకోవడానికి సుద్దముక్క కింద పడేసి వంగి తీసుకుంది. వంగినప్పుడే ఆమెకు వెలిగింది. ఇన్నాళ్లూ ఈ పెద్దమనిషి తీసింది లెక్క కాదు, పట్టింది గొడుగు. పైనుంచి చూసేవాడికి కింద ఎవరు ఏ మూల నిలబడ్డారో కనపడదు.

అధికారి మాత్రం వదల్లేదు. "లాభం లేదు. ఒక్కొక్కరినీ లేపి చదివించండి."

"మా దగ్గర అందరూ కలిసే చదువుతారండీ," అంటూ మాస్టారు ఆయనకి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వకుండా చెయ్యెత్తారు. "పిల్లలూ! వాన పాఠం! గట్టిగా!"

గది దద్దరిల్లింది. నల్లని మబ్బు కమ్మింది, గాలి వీచింది, చెట్లు ఊగాయి. ఆ హోరులో చిన్నపిల్ల పెదాలు కూడా కదులుతున్నాయి, అందరికంటే ఒక్క మాట వెనగ్గా. ఆఖరి వాక్యం వచ్చింది.

"వాన వెలిసింది!" అని ముగించి తరగతంతా ఊరుకుంది.

ఆ నిశ్శబ్దంలో సన్నగా, స్పష్టంగా ఒక్క గొంతు, "...వెలిసింది."

అధికారి గిరుక్కున తిరిగాడు. "ఎవరది?"

"ప్రతిధ్వనండీ," అన్నారు మాస్టారు తడుముకోకుండా. "పాత గది కదా!"

అధికారి కిక్కిరిసిన బెంచీల్ని చూశాడు. చెమటలు పట్టిన టీచరమ్మని చూశాడు. పుస్తకం వెనక దాక్కున్న రెండు జడల్ని కూడా చూశాడు. కలం మూత పెట్టి జేబులో వేసుకున్నాడు.

"మాస్టారూ, తప్పు లేకుండా చదివింది మీ ప్రతిధ్వని," అన్నాడు గుమ్మం దాటుతూ. "ఇక్కడే ఉండనివ్వండి. ఇంకాస్త గట్టిగా చదవమని చెప్పండి."

మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు తగ్గాక జడల పిల్ల పుస్తకం దించి, పక్కపిల్లని మోచేత్తో పొడిచింది.

"ప్రతిధ్వని అంటే ఏంటి?"

"నువ్వేనే!"