లింగవ్వ రాసిన పేజీ

ఎల్లారెడ్డిలో లింగవ్వ చుట్టిన బీడీకి వంక పెట్టినవాళ్లు లేరు. ముప్పై ఏళ్లుగా తునికాకు మడిచిన వేళ్లవి. అక్షరం మాత్రం ఆమెకు ఆమడ దూరం.

2012లో ఆడవాళ్ల సంఘానికి ఒక కంప్యూటర్ వచ్చింది. నేర్పడానికి వచ్చిన మాలతి అందులో ఎవరైనా ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్ పెట్టింది. అంకెలు కొడితే తెర మీద గీత నడుస్తుంది, మలుపు తిరుగుతుంది, బొమ్మవుతుంది. దాంతో బీడీలు చేసేవాళ్లంతా కలిసి ఒక బుల్లి పుస్తకం వేయాలనుకున్నారు. ఒకే కాగితం మీద ఎనిమిది పేజీలు. నడిమధ్య కోసి మడిస్తే పుస్తకం. ఒకామె ముగ్గు గీయించింది, ఒకామె నడుంనొప్పికి చిట్కా రాయించింది. అలా ఏడు నిండాయి. ఎనిమిదోది లింగవ్వకు మిగిలింది.

"సదువు రానోళ్లకు పుస్తకంల ఏం పని బిడ్డా? ఖాళీగ ఉంచు" అంది లింగవ్వ.

అన్నదే గానీ, తన పేజీ లేని పుస్తకం తలుచుకుంటే ఆమెకు ముద్ద మింగుడు పడలేదు.

అచ్చుకని ఇద్దరూ బస్సెక్కి కామారెడ్డి వెళ్లారు. జిరాక్స్ షాపు కంప్యూటర్‌లోనూ ఆ సాఫ్ట్‌వేరే పెట్టి, మాలతి ఖాళీదానితో సహా ఎనిమిది పేజీలూ తెర మీద పేర్చి చూపించింది.

"ఆగు బిడ్డా. మడిస్తే పైన నాలుగు తలకిందులైతయి" అంది లింగవ్వ.

షాపు దేవయ్య నవ్వాడు. "అవ్వా, సదువుకున్న మేడమ్ చేసింది గద!"

మాలతి నవ్వలేదు. మచ్చుకు ఒకటి తీయించింది. లింగవ్వ కోసి, మడిచి చేతికిచ్చింది. నాలుగు పేజీలు శీర్షాసనం వేసి ఉన్నాయి! చదువురాని మనిషి పట్టిన తప్పు ఒప్పుకోవడానికి గుండె కావాలి, మాలతికి ఉంది.

"ఎట్ల తెలిసిందవ్వా?"

"ఆకు మడుస్తుంటే ఏ మొన యాడికొస్తదో చేతి ఏళ్లకు ఎరుకే."

మాలతి ఆ నాలుగు పేజీలూ తిప్పి పెట్టింది. "ఇగ ఎనిమిదోది నీదే. ఈ కాగితం పుస్తకమయ్యేటట్టు ఎట్ల మడవాల్నో చూపియ్యి, నేను అంకెలు కొడ్త."

లింగవ్వ ఒక్కో మడతా చూపింది. ఒక్కో మడతా ఒక బొమ్మయింది. పేజీలో ఒక్క అక్షరం లేదు.

మడవని కాగితాల కట్ట పట్టుకుని తర్వాతి వారం ఇద్దరూ సరిహద్దు దగ్గరి జుక్కల్‌లో ఆడవాళ్ల సంఘానికి వెళ్లారు. అక్కడ కన్నడం చదువుకున్నవాళ్లు కొందరు, మరాఠీ చదువుకున్నవాళ్లు కొందరు; తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాదు. ఏడు పేజీలు మాలతి చదివి వినిపించాల్సి వచ్చింది. ఎనిమిదో పేజీ చూసి మాత్రం గదినిండా ఆడవాళ్లు ఎవరినీ ఏమీ అడగకుండా మడవడం మొదలుపెట్టారు.

"ఇది ఎవరు చేసిన్రు?" అని ఒకామె అడిగింది.

లింగవ్వ కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది.

"నేనే రాసిన" అంది.