మూడో అంతస్తు కోసం నేసిన శాలువాలు

మొన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే, మెడలో కార్డు వేసుకున్న ఓ అమ్మాయి నా చేతిలో ఏదో ఇంటర్ కాలేజీ రంగుల కాగితం పెట్టి, "మీ ఇంట్లో పిల్లలుంటే తీసుకురండి అమ్మా, టెస్టు పెట్టి వాళ్ల స్థాయికి తగ్గ సెక్షన్‌లో వేస్తాం" అంది. ఎండలో చెమటలు కక్కుతూ నిలబడ్డ ఆ పిల్లదేం తప్పు, ఎవరో చెప్పమన్నది చెప్పింది. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "స్థాయేంది బిడ్డా? పదహారేండ్ల పిల్లకు స్థాయేంది?" అన్నాను. ఆమె బిత్తరపోయి నా వెనకాల వస్తున్న ఇంకొకాయనకు కాగితం ఇవ్వబోయింది. మా ఆయన "జర నిమ్మలంగుండు, బీపీ గోలీ ఏస్కున్నవా లేదా?" అంటూ నా మోచెయ్యి పట్టుకుని ఆటో వైపు లాగాడు. గోలీ వేసుకున్నాను. అయినా సరూర్‌నగర్ చేరేదాకా నా నోరు ఆగలేదు.

మాది పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం ఇల్లు. నేను పెళ్లయి ఇక్కడికొచ్చి మా ఆయన బట్టల దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చున్నాను గాని, మా తమ్ముడు మగ్గాన్ని వదల్లేదు. వాడి కూతురు సర్కారు బడిలో చదివి పదో తరగతిలో మండలానికే మొదట వచ్చింది. బడి సార్లు ఇంటికొచ్చి మరీ "ఈ పిల్లను ఆపకుర్రి, డాక్టరైతది" అన్నారు. మా తమ్ముడు దాన్ని బస్సెక్కించి నా దగ్గరకు పంపాడు. అబ్బ, ఏం పిల్ల! జడ వేయించుకుంటూ కూడా పాఠం గొణుక్కునేది. నేను పోపు వేస్తుంటే పక్కన చేరి "అత్తా, ఆవాలు ఎందుకు చిటపటలాడ్తయో తెల్సా?" అని మొదలుపెట్టేది. అది చెప్పడం అయ్యేలోపు నా పోపు మాడిపోయేది. మా ఆయన మాడిన పప్పు తింటూ "డాక్టరమ్మ మందు చేదుగనే ఉంటది" అని ఆటపట్టించేవాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలేజీలో చేర్చాం. అది కాలేజీ అంటే కాలేజీ, అంగడి అంటే అంగడి. కింద బండ్లు పెట్టుకునే చోటును ఆనుకుని రేకుల గదులు, పైన అంతస్తులు. చేరిన రోజునే ఒక పరీక్ష పెట్టి, ఎవరు ఏ అంతస్తో తేల్చేశారు. పేరున్న లెక్చరర్లందరూ మూడో అంతస్తులోనే పాఠం చెప్పేవారు. కిందివాళ్లకు నెలకొకరు వచ్చేవారు, సగం పాఠంలో మానేసి పోయేవారు. బయట హారన్లు, లోపల పెట్రోలు వాసన. నా మేనకోడలికి ఆ రేకుల గది దక్కింది. మొదటి రోజు ఇంటికొచ్చి "అత్తా, ఆ పరీక్షల ఒక్కటి గూడ మా బడిల చెప్పింది రాలే" అని బిక్కమొహం వేసింది.

మా పక్క వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఉండేవారు. ఆవిడా నేనూ వరసలు కలిపేసుకున్నాం. వాళ్ల అబ్బాయిదీ అదే కాలేజీ, మూడో అంతస్తు. సంగతి విని ఆవిడ నోరు తెరిచింది. "అదేంటి వదినగారూ, మావాడు ఎనిమిదో తరగతి నుంచీ ఆ లెక్కలే చేస్తున్నాడు. దానికి వేరే కోచింగ్ ఉంటుంది. మీకెవరూ చెప్పలేదా?" చెప్పడానికి మాకెవరున్నారు? ఎనిమిదో తరగతిలో నా మేనకోడలు బడి నుంచి రాగానే వాళ్లమ్మ పక్కన కూర్చుని రంగు అద్దే దారాలకు ముడులు కట్టేది. ఒకరు మూడేళ్ల ముందు పరుగు మొదలుపెట్టారు, ఇంకొకరికి పందెం ఉందనే తెలియదు. గీత దగ్గర నిలబడినవాడు మాత్రం "వీళ్ల స్థాయి ఇంతే" అని రాసుకున్నాడు. ఆవిడ మంచిది, కొడుకు నోట్సు రోజూ సాయంత్రం మా పిల్లకు ఇచ్చి పంపేది.

కింద మొదట వచ్చినవాళ్లను పైకి తీసుకుంటామని చేర్చుకునేటప్పుడు డీన్ సారే చెప్పాడు. ఆ మాట పట్టుకుని పిల్ల రాక్షసిలా చదివింది. అర్ధ సంవత్సరం పరీక్షల్లో కింది అంతస్తు మొత్తానికి మొదట వచ్చింది. వారం చూశాం, నెల చూశాం, పిలుపు లేదు. నేనే వెళ్లి డీన్‌ను అడిగాను. "చూడండమ్మా, పైవాళ్లు చాలా స్పీడుగా వెళ్తారు. తెలుగు మీడియం అమ్మాయి, నలిగిపోతుంది. ఇక్కడ ఫస్టు వస్తోంది కదా, ఇక్కడే హ్యాపీగా ఉండనివ్వండి" అన్నాడు. ఆయనది మా జిల్లానే. అంతలో ఇంటి నుంచి ఫోనొస్తే "ఆలస్యమైతది, తిని పండుర్రి" అని మా యాసలోనే అన్నాడు. నా వైపు తిరగ్గానే మళ్లీ పుస్తకం చదివినట్టు మాట్లాడాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

తమ్ముణ్ని రమ్మన్నాను. మా ఇళ్లల్లో మగ్గం మీద కొత్త నమూనా ఎక్కిస్తే మొదటి బట్ట అమ్మరు. దేవుడికో చదువు చెప్పినవాళ్లకో ఇస్తారు. వాడు అలాంటి శాలువా ఒకటి తెచ్చి, డీన్ గది బయట చెప్పులు విడిచి, రెండు చేతులా అందించి, "మా బిడ్డను జర పైకి పంపుండ్రి సార్" అన్నాడు. ఆయన అంచు నలిపి చూసి "బాగుందే! ర్యాంకర్ల సన్మానానికి ఇలాంటివే కావాలి. నేసివ్వగలరా?" అన్నాడు. పిల్ల సంగతేందని నేనడిగితే "చూద్దాం చూద్దాం, అదెంత పని" అని చెయ్యూపాడు. మెట్లు దిగుతుంటే తమ్ముడి మొహం వెలిగిపోతోంది. "వాని మాట నమ్మకురా" అంటే, "పనిచ్చిండు గదక్కా, ఇంక మాట ఎట్ల తప్పుతడు?" అన్నాడు. మగ్గం ఎరిగినవాడి మాట అది. మా దగ్గర షావుకారు నూలు పంపాడంటే మాట ఇచ్చినట్టే, కాగితం ఉండదు, మళ్లీ అడగడం ఉండదు. వాడికి తెలిసిన లోకం అదే.

మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఇల్లంతా ఆ శాలువాల మీదే పడ్డారు. మా మరదలు ఆసు చట్రం మీద దారం తిప్పీ తిప్పీ కుడి భుజం పోగొట్టుకుంది. నేను మళ్లీ కాలేజీకి పోతానంటే "నువ్వు పోయి గడబిడ చెయ్యకక్కా, పని ఖరాబైతది" అని తమ్ముడు ఫోన్లో బతిమాలేవాడు. పిల్ల రేకుల గదిలోనే కూర్చుంది.

సన్మానం ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. మా తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, కూతురికీ నాకూ మధ్య వెనక వరసలో కూర్చున్నాడు. వేదిక మీద ఒక్కో ర్యాంకరుకూ శాలువా కప్పుతుంటే "చూడే, లైట్లకు రంగు ఎట్ల లేస్తుందో" అని దాని చెవిలో మురిసిపోయాడు. అంతా అయ్యాక డీన్ దగ్గరకెళ్లి చేతులు కట్టుకుని "సార్, మా బిడ్డ..." అన్నాడు.

"ఏ బిడ్డ?" అన్నాడాయన.

నిజంగానే గుర్తులేదు. మోసం చేసినా నాకు ఇంత కోపం వచ్చేది కాదు. "మీ కాలేజీల కింద కూసున్న పిల్ల సార్! మొదటొస్తే పైకి తీస్కుంటమన్నరు గదా? ఈయన ఇవన్ని ఎవరి కోసం నేసిండనుకున్నరు?" అని అరిచాను. హాలంతా మా వైపు తిరిగింది. ఆయన నొచ్చుకున్నట్టు మొహం పెట్టి "అమ్మా, శాలువాలకు పేమెంట్ మొత్తం ఇచ్చేశాం కదా" అన్నాడు. పిల్లే వాళ్ల నాన్న చొక్కా పట్టుకుని "నాయినా, పోదాం పా. రేపు నాకు పరీక్షుంది" అంది.

డాక్టరు సీటు కొద్దిలో పోయింది. పక్కింటి అబ్బాయికి వచ్చింది. ఆవిడ స్వీటు డబ్బా తెచ్చి ఇవ్వలేక, నా వంటింట్లో నిలబడి "మీ పిల్లే బాగా చదివేది వదినగారూ" అని ఏడ్చింది. ఇంకో ఏడాది చదివిద్దామంటే మరదలి చెయ్యి లేవడం లేదు. ఇంట్లో ఎవరో ఒకరు సంపాదించాలని పిల్లే ఆ మాట వద్దంది. ల్యాబ్ కోర్సు చదివి ఇప్పుడు నాగోల్‌లో ఒక దవాఖానలో రక్తం తీస్తోంది. సెటిలైంది కదా, ఇంకేం కావాలని చుట్టాలంటారు. తమ్ముడు "రాత అక్కా" అంటాడు. రాతా లేదు, గీతా లేదు. నా మేనకోడలికి పదహారేళ్లు ఒక్కసారే వచ్చాయి. దాన్ని రేకుల గదిలో కూర్చోబెట్టినవాళ్లకు మాత్రం ప్రతి జూన్‌లోనూ కొత్తగా పదహారేళ్ల పిల్లలు వస్తూనే ఉంటారు.