లాభం, రెండు, మూడు

నిన్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఆదివారం గద్దల లెక్కకు వస్తాన్నవా? మార్చి పడ్డది, పోయేటియి పోతానే ఉన్నయ్," అంది. వస్తానని చెప్పి, అటక మీది సంచీలోంచి పాత నోటుబుక్కు దించాను. నాలుగేళ్ల కిందటి పేజీ ఒకటుంది అందులో. గీతల వరుసలు ఎనిమిది, ప్రతి వరుసకూ ముందు ఎర్రసిరాతో ఒక్కో గీత తర్వాత చేర్చినట్టు తెలిసిపోతూ ఉంటుంది. ముప్పై ఏళ్లు పిల్లల లెక్కలు ఎర్రసిరాతో దిద్దిన పంతులమ్మను. నా లెక్క నేను దిద్దుకున్నది ఆ ఒక్కసారే.

హసన్‌పర్తి దాటి కాస్త దూరం పోతే, ఎవరూ దున్నని గడ్డినేల ఒకటుంది. చలికాలమంతా పిల్లిగద్దలు అక్కడ పడుకుంటాయి. మొహం పిల్లి మొహంలా గుండ్రంగా ఉంటుందని ఆ పేరు. ఉత్తరాన ఎక్కడి చలిదేశాల నుంచో వచ్చి, పగలంతా మన చేలలో మిడతల్ని తిని, పొద్దుగూకే వేళకు ఆ గడ్డిలో నేలమీదే దిగుతాయి. ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు పోతున్నాయి అని కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మా చెల్లెలి కూతురు ప్రతి ఆదివారం మనుషుల్ని పోగేసి లెక్క పెట్టిస్తుంది. గడ్డికి నాలుగు దిక్కులా జతలు జతలుగా నిలబడతాం. జతలో ఒకరు ఆకాశం మీంచి కళ్లు తిప్పకూడదు, పైకి లెక్క చెప్పాలి. రెండోవారు నోటుబుక్కు మీంచి తల ఎత్తకూడదు, విన్నది గీతలుగా రాయాలి. ఇద్దరూ చూస్తే ఇద్దరూ తప్పుతారని దాని సిద్ధాంతం. రిటైరయ్యాక ఇంట్లో తోచక చేరిన నాకు గద్దలకంటే ఈ పద్ధతే నచ్చింది.

నా జత మా మేనమామ. అప్పటికి డెబ్బై ఆరేళ్లవాడు. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ల కళ్లాల్లో వడ్లు కొలిచేవాడు. కుంచం పట్టుకుంటే పొద్దంతా కొలిచినా ఒక్క గింజ తేడా రాదని పేరు. కాంటాలు వచ్చాక ఆ పని పోయింది. గద్దల లెక్కకు రమ్మంటే మొదట నవ్వాడు గానీ, రెండో వారానికే అందరికంటే ముందు తయారై, నన్ను తొందరపెట్టడం మొదలుపెట్టాడు. "లేటైతాంది బిడ్డా, అవి మన కోసం ఆగయి," అనేవాడు. గద్దలు ఒక్కసారిగా రావు. ఓ నాలుగైదు వచ్చాక కాసేపు ఏమీ ఉండదు, మళ్లీ కొన్ని వస్తాయి. విడత విడతకూ మామయ్య కొత్తగా మొదలుపెట్టేవాడు: "లాభం, రెండు, మూడు..." మంచి జరగాలని ముందుగా లాభమని అనుకుని, లెక్కలోకి దిగుతున్నాడనుకున్నాను. దానికి గీత గీయలేదు. రెండు అన్నాక ఒకటి ఎక్కడ పోయిందని అడగాల్సిన లెక్కల టీచరు, వంచిన తల ఎత్తకుండా గీతలు గీస్తూ కూర్చుంది.

ఆ మార్చిలో, సరిచూసుకోవడానికని, ఒకే దిక్కున రెండేసి జతల్ని నిలబెట్టింది మా చెల్లెలి కూతురు. మా పక్కన ఇద్దరు విద్యార్థులు. చివరికి చూస్తే మా లెక్క వాళ్లకంటే ఎనిమిది తక్కువ. నన్ను పక్కకు తీసుకుపోయి, "తాతకు పొద్దుగూకినంక జర మసకలు కమ్ముతున్నట్టున్నయ్ పెద్దమ్మా. వచ్చే వారం ఇంట్లనే ఉండమను," అంది. మెల్లగానే అంది. మామయ్య చెవులు కూడా కళ్లంత మంచివని మేమిద్దరం మరిచిపోయాం. "నా కండ్లకేం గాలె బిడ్డా," అన్నాడు నాతో, ఒక్కసారే. నేను నోటుబుక్కు మూసి సంచీలో పెట్టుకున్నాను. నా గీతల మీద నాకంత నమ్మకం.

ఆ తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. మధ్యలో తనే దవాఖానకు పోయి కళ్లు చూపించుకున్నాడట. దూరంచూపు బాగానే ఉందన్నాడట డాక్టరు. అదే మాట చెప్పి రమ్మంటే, "ఆయనకేం ఎరుక? గోడ మీది గీతలు సూపెట్టిండు గని, గద్దలను సూపెట్టలే గద," అన్నాడు. తన కళ్లను తనే నమ్మడం మానేశాడు. ఇంకో ఆదివారం కూడా పోయింది.

ఆ మర్నాడు, పెసలు తీసుకుపొమ్మని కబురు చేస్తే వాళ్లింటికి వెళ్లాను. నేను సంచీ పట్టుకున్నాను, మామయ్య మానికతో కొలిచి పోస్తున్నాడు. "లాభం," అన్నాడు. మానికెడు పెసలు సంచీలో పడ్డాయి, చేతికి బరువు తెలిసింది. "రెండు," అని ఇంకో మానిక పోశాడు. సంచీ అక్కడే పెట్టి కూర్చుండిపోయాను. ఒకటి అనడానికి బదులు లాభం అంటారు కొలిచేవాళ్లు. మొదటి కొలత పేరే లాభం. ఆ సరిచూసిన రోజు మేం లెక్కించినవి ఎనిమిది విడతలు, విడతకో వరుస; మా లెక్కలో తగ్గిన గద్దలు ఎనిమిది. సిగ్గుతో చచ్చిపోయాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు కదా, అక్కడికక్కడే చెప్పేశాను. "నేను గుడ్డోన్ననే అనుకున్న బిడ్డా," అన్నాడు మామయ్య, మానిక తుడుస్తూ. తిట్టినా బాగుండేది.

మా చెల్లెలి కూతురు ఫోన్లోనే ఏడ్చినంత పని చేసింది. ఆ ఆదివారం తనే కారులో మామయ్యను తీసుకొచ్చి, ఎప్పటి చోటే నిలబెట్టింది. కానీ అప్పటికి ఎండలు ముదిరాయి, గద్దలు వెళ్లిపోయాయి. గడ్డి ఖాళీగా ఉంది. మిగతా జతలు పుస్తకాలు మూసేశాయి. మామయ్య కదల్లేదు, ఆయన కదల్లేదని నేనూ తల ఎత్తలేదు. వెలుగు ఇంకా కొంచెం ఉండగా, "లాభం," అన్నాడు. గీత గీశాను. రెండు అంటాడేమోనని పెన్ను పట్టుకునే ఉన్నాను. అనలేదు. ఆనాటి పేజీలో ఆ ఒక్క గీతే ఉంది.

తర్వాతి చలికాలం గద్దలు వచ్చేసరికి మామయ్య లేడు. పేజీలో తప్పిన ఎనిమిదింటినీ ఎర్రసిరాతో కలుపుకున్నాను, వాటికి ఇబ్బంది లేదు, అవి ఏటా వస్తాయి. ఆయనకు మిగిలినవే కొన్ని ఆదివారాలు. అందులో రెండు నేను తీసేశాను. వాటిని ఏ వరుసలో కలపాలో, ఇన్నేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, నాకింకా తెలియదు.