దిల్విన్ గారి ఎడమ చెవి

సాయంత్రం ఆరు దాటాక దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో మెట్రో ఎక్కడమంటే మనం ఎక్కడం కాదు, వెనకవాళ్లు మనల్ని ఎక్కించడం. మొన్న అలాగే ఎక్కి, ఒక పెద్దాయన భుజానికీ తలుపుకూ మధ్య చట్నీ అయిపోతుంటే, ఆయన మోకాళ్ల నుంచి నొప్పుల మందు వాసన గుప్పుమంది. ఘాటుగా, చల్లగా, కర్పూరమూ పుదీనా కలిపి నూరినట్టు. కిటికీ అవతల కొత్తపేట దీపాలు నీళ్లలో తేలుతున్నట్టు కదులుతుంటే, వాటి మధ్య దిల్విన్ గారు నడుస్తున్నట్టే అనిపించింది. ఎప్పటిలాగే తల కాస్త వంచుకొని, ఎదురుగాలిని భుజంతో నెట్టుకుంటూ.

దిల్విన్ గారిది వేల్స్. ఇంగ్లండ్ పక్కన, కొండలూ బొగ్గుగనులూ ఎడతెగని వానా ఉన్న చిన్న దేశం. ఆ దేశం తరఫున రగ్బీ ఆడి, మోకాళ్లు అరిగాక మానేశారు. అక్కడ నర్సుగా పనిచేసిన సరోజిని ఆంటీని పెళ్లాడి, ఆవిడ రిటైరయ్యాక ఆవిడ వెంట కొత్తపేటలో ఫ్లాటుకు వచ్చేశారు. పేరులోనే దిల్ ఉంది కనుక ఈ దిల్‌సుఖ్‌నగర్ పేటల కోసమే పుట్టారనేవాణ్ణి. నేను నల్లగొండ వైపు ఊరి నుంచి వచ్చి, వాళ్ల పై అంతస్తు గదిలో కిరాయికి ఉంటూ, సర్కారు కొలువు కోసం కోచింగ్ తీసుకునేవాణ్ణి. పరీక్ష తప్పడం నాకెప్పుడూ తప్పేది కాదు.

ఆయన తెలుగంతా ఆంటీ దగ్గర నేర్చుకున్నదే. గుంటూరు పద్ధతిలో ఆవిడ భర్తను ‘ఏవండీ’ అంటారు కనుక, తెలుగులో మనిషిని పిలిచే తీరే అదనుకున్నారాయన. పాలవాణ్ణీ, నన్నూ, గల్లీ చివర పుచ్చకాయలమ్మే యాదగిరినీ కూడా ‘ఏవండీ’ అనే పిలిచేవారు.

“నా పెండ్లాం సుత నన్నెన్నడు గంత మర్యాదగ పిలువలే,” అని యాదగిరి మురిసిపోయేవాడు.

ఒకసారి డాబా మీద అడిగాను. “దేశం కోసం ఎన్ని గోల్స్ కొట్టారు సార్?”

“ఒక్కటీ లేదండీ.”

“మరి అన్నేళ్లూ ఏం చేశారు?”

భుజం తడుముకొని, “తోశానండీ,” అన్నారు.

ముందు వరుసలో వంగి, భుజం ఆనించి, అవతలి జట్టును నెట్టడం ఆయన పని. తల కిందికి ఉంటుంది కనుక బంతి ఎటు పోయిందో జనం కేకల్ని బట్టే తెలిసేదట. ఇంకో వింత, ఆ ఆటలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. వెనక వచ్చేవాడికే అందించాలి.

“నేనూ అంతే సార్, ఏటేటా వెనక్కే,” అన్నాను.

ఆయన నవ్వలేదు. “వెనక్కి పోవడం కాదండీ. వెనక ఎవరున్నారో తెలియాలి.”

ఆ ఏడు మళ్లీ తప్పాక, ఇక చాలనుకొని ఊరికి బయలుదేరాను. ఎల్బీనగర్‌లో బస్సెక్కిస్తానని ఆయన ఆటోలో వచ్చారు. దారిలో వాననీళ్లలో ఆటో ఆగిపోయింది. దిగి తోయబోతే నా జబ్బ మీద తట్టారు. “నడుముతో కాదండీ. కాళ్లతో.” ఆటో కదిలింది. మోకాలి లోతు బురదనీళ్లలో ఇద్దరం నవ్వుకుంటూ నిలబడ్డాం. నేను బస్సెక్కలేదు.

దేశం తరఫున మొదటి మ్యాచ్ ఆడినప్పుడు ఆయనకు కుచ్చు ఉన్న మఖ్మల్ టోపీ ఒకటి ఇచ్చారట. ఎవరైనా టోపీ పెడితే అంతగా సంతోషించిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. అయితే ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బలు ముసలితనంలో పని మొదలుపెట్టాయి. ఆడిన మ్యాచులు ఒక్కొక్కటే మనసులోంచి జారిపోసాగాయి.

“మిగతావన్నీ పోతే పోనీ నాయనా,” అన్నారు ఆంటీ ఒకరోజు. “టోపీ మ్యాచ్ మాత్రం పోకూడదు. ఆ సాయంత్రమే ఎడమ చెవి చీరుకుపోయి మా ఆస్పత్రికొచ్చారు. కుట్లేసింది నేనే. అది కాస్తా పోతే, ఆయనకింక నేనెవర్ని?”

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఆ మ్యాచ్ చెప్పించడం నా పని. ఆయన కళ్లు మూసుకొని చెప్పేవారు. వాన, పొగమంచు, మైదానం చుట్టూ వేలమంది ఒక్క గొంతుతో పాడే పాట. వింటుంటే కొత్తపేట హారన్లు కూడా శ్రుతి కలిపినట్టుండేవి. ఒకనాడు గెలిచామనేవారు, ఒకనాడు ఓడామనేవారు. చెవి మాత్రం ప్రతిసారీ చిరిగేది. చివరికొక సాయంత్రం టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, “ఎవరిదండీ ఇది?” అన్నారు. ఆంటీ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ ఎండాకాలమే, ముగ్గురం నడకకు వెళ్తుంటే యాదగిరి లోడు దిగుతోంది. లారీ నుంచి కుప్ప దాకా మనుషులు వరుసగా నిలబడి, కాయను చేతి నుంచి చేతికి విసురుకుంటూ దింపుతారు. ఆ రోజు వచ్చినవి కోల పుచ్చకాయలు, అచ్చం రగ్బీ బంతి ఆకారం. వరుసలో ఒకడు చాయ్‌కి వెళ్లాడు. దిల్విన్ గారు ఆంటీ చెయ్యి వదిలి, వెళ్లి ఆ ఖాళీలో నిలబడ్డారు. పడిపోతారేమోనని నేనూ ఆయన వెనకే వరుసలో చేరాను.

“ఓ పెద్దసారూ, జర పక్కకు! నెత్తి పల్గుతది!” యాదగిరి అరిచేసరికే కాయ గాల్లో ఉంది.

ఆయన దాన్ని పొట్టకు హత్తుకొని, అటు చూడకుండానే వెనకనున్న నా చేతుల్లోకి పంపారు. తర్వాత మరొకటి. మరొకటి. ఎక్కడో వానలో తడుస్తున్నట్టు ఆయన ముఖం మెరిసిపోతోంది.

“ఒక్కటన్న కింద పడ్తలేదు సూడు! గిసొంటాయనను రోజు పంపు అమ్మా!” అన్నాడు యాదగిరి.

లోడు అయిపోయాక ఆంటీ కొంగుతో ఆయన చెవి పక్క చెమట తుడవబోయారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, ఆవిడ ముఖంలోకి చూశారు.

“ఏవండీ, కుట్లు కొంచెం మెల్లగా వేయండి.”

“మీరు కదలకుండా ఉంటే కదా,” అన్నారు ఆంటీ. కొంగు ఆ చెవి దగ్గరే ఆగిపోయింది.

ఆ వానాకాలంలో ఆయన కన్నుమూశారు. నాకు కొలువు రాలేదు కానీ, అదే కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే పని వచ్చింది. ఇప్పటికీ క్లాసులో ముందు నా చూపు వెళ్లేది చివరి బెంచీకే.

మొన్న ఎల్బీనగర్‌లో తలుపు తెరుచుకోగానే జనం ఒక్కసారిగా మీదపడ్డారు. కాళ్లు గట్టిగా ఆనించి, భుజం అడ్డం పెట్టి, నొప్పుల మందు పెద్దాయన దిగేదాకా నిలబడ్డాను. ప్లాట్‌ఫాం మీద ఆయన ఊపిరి పీల్చుకొని, “సల్లగుండు బిడ్డా. ఏం పని జేస్తవ్?” అన్నాడు.

పాఠాలు చెప్తానని అనాలి. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

“తోస్తుంటానండీ.”