అందర్నీ చూశాకే ‘ది’

మా పిన్ని గడియారాల కొట్టు మేడమీది గదిలో, పగలంతా పనికి పోయేవాళ్ళకు సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పేది. ఇరవై ఆరేళ్ళు చెప్పింది. మిగతా పాఠాలన్నీ పుస్తకం చూసి చెప్పేదిగాని, ‘టాలెస్ట్’, ‘బెస్ట్’ లాంటి మాటల ముందు ‘ది’ పెట్టే పాఠం వచ్చిందంటే పుస్తకం మూసేసేది. అందర్నీ లేపి గోడకు నిలబెట్టి, తలమీద స్కేలు ఆనించి సుద్దముక్కతో గీతలు గీసేది. ఆఖరివాళ్ళ గీత పడ్డాకే ‘ది టాలెస్ట్’ అననిచ్చేది.

“మనం ‘అందరికంటే’ అని ఊరికే అనేస్తాం. ఆ అందరూ ఎవరు? చూశామా? చూడకుండా ‘ది’ అన్నారో, ఊరుకోను.”

లిఫ్టు నడిపే పెద్దాయన ఒకసారి లేచి, తన అల్లుడు ‘ది లేజియెస్ట్’ అన్నాడు.

“మిగతా అల్లుళ్ళందర్నీ చూశారా?” అంది పిన్ని.

“ఒక్కణ్ణి భరించడమే గగనంగా ఉంది టీచరమ్మా, అందర్నీ ఎక్కడ చూడను!”

గదంతా గొల్లుమంది. పిన్ని మాత్రం నవ్వలేదు. “అయితే ‘వెరీ లేజీ’ అని సరిపెట్టుకోండి,” అంది.

ఆ నవ్వుల్లో కూడా తలెత్తకుండా రాసుకుంటూ ఒకామె కూర్చునేది. కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళుగా చేత్తో బొత్తాలు కుడుతోంది. అందుకని అందరూ బొత్తాలమ్మ అనేవాళ్ళు. సూదికేసి చూసీ చూసీ ఆమె కళ్ళవెంట ఎప్పుడూ నీళ్ళు కారుతుండేవి. ఇంకో ఏడాది ఇలాగే కుడితే చూపు దక్కదని డాక్టరు చెప్పాడు. సూది వదలాలంటే సూపర్‌వైజరు కావాలి. అందుకు ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష గట్టెక్కాలి.

పరీక్షలో బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. ఈ గదిలో అందరికంటే చిన్నవాళ్ళెవరని ఇంగ్లీషులో అడిగారు. బొత్తాలమ్మ తడుముకోకుండా, తప్పులేని ఇంగ్లీషులో, ఒక్కొక్కరి వయసూ అడగడం మొదలుపెట్టింది. మొదటాయన చెప్పాడు. రెండో ఆయన నవ్వి చెప్పాడు. మూడో ఆవిడ మొహం ముడుచుకుంది. ఆవిడ చెప్పందే జవాబు చెప్పలేనని బొత్తాలమ్మ కూర్చుండిపోయింది. టైమైపోయింది. పరీక్ష పోయింది.

సంగతి తెలిసిన మర్నాడు, మధ్యాహ్నం మిషన్లు ఆగిన వేళకు పిన్ని ఫ్యాక్టరీకి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. బొత్తాలమ్మ కిటికీ పక్కన కోటు ఒళ్ళో వేసుకుని, సూదిలోకి దారం ఎక్కక అవస్థ పడుతోంది. పిన్ని సూది అందుకుని దారం ఎక్కించి ఇచ్చింది.

“తప్పు నాదే అమ్మాయ్. పరీక్ష వేరు, బతుకు వేరు అని నీకు చెప్పి ఉండాల్సింది.”

“అదేం మాట టీచరమ్మా! ఆవిడ వయసు చెప్పుంటే నేను పాసయ్యేదాన్నేగా. ఫెయిల్ చేస్తే ఆవిణ్ణి చెయ్యాలి.”

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక పిన్ని అంది: “ఆరు నెలల్లో మళ్ళీ పెడతారట. ఈసారి ఎవరో ఒకర్ని చూపించి ‘ది’ అనెయ్.”

“చూడకుండానా? నాకు నోరు రాదు.”

“వస్తుంది. నేను నేర్పుతాగా.”

అప్పట్నుంచి ఆమెను అరగంట ముందే రమ్మని, ఇన్నేళ్ళూ వద్దన్నదంతా నేర్పింది. కిటికీలోంచి వీధి చూపిస్తూ, “అందరికంటే పొడుగెవరు? ఊఁ, తొందరగా!” అనేది. బొత్తాలమ్మ మెడచాచి వీధి చివరిదాకా చూడబోతే బల్లమీద స్కేలు పడేది. ఇప్పుడు నా వయసు అప్పటి పిన్ని వయసు దాటింది. ఆమె తన పాఠానికి తానే ఎదురు తిరిగిన ఆ ఆరు నెలలే నాకు ఎక్కువగా గుర్తొస్తాయి.

రెండోసారి పరీక్షకు పిన్ని ఫ్యాక్టరీ గేటు బయటే నిలబడింది. బొత్తాలమ్మ పరుగున వచ్చింది.

“చెప్పేశాను టీచరమ్మా! మీ వరసలో అందరికంటే బాగా కుట్టేదెవరు అన్నారు. కళ్ళు మూసుకుని ‘ఐ యామ్ ది బెస్ట్’ అన్నాను. అక్కడికక్కడే పాసన్నారు. రేపట్నుంచి సూది పట్టక్కర్లేదు!”

పిన్ని ఆమెను దగ్గరికి తీసుకుంది. కాసేపటికి బొత్తాలమ్మ గొంతు తగ్గించింది.

“కానీ నా పక్కన కుట్టే వదిన నాకంటే బాగా కుడుతుంది. ఆ మాట చెప్పలేదు.”

“ఇప్పుడు సూపర్‌వైజరువిగా,” అంది పిన్ని. “లోపలికెళ్ళి ఆమెతోనే చెప్పు.”

బొత్తాలమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది.