కాలువ కట్టిన రెండు నెలలు

లైబ్రేరియన్ గారు పోయారని మొన్న ఆదివారం ఉదయం కొవ్వూరు నుంచి వాళ్ళమ్మాయి ఫోను చేసింది. నిద్రలోనే పోయారట. ఎనభై ఆరేళ్ళు. ఫోను పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. ముప్పై ఏళ్ళ కిందట ఐదుగురు వ్యాపారస్తులం ఆయనకు ఒక మాట ఇచ్చి తప్పాం. అది గుర్తొచ్చింది. ఆ ఐదుగురిలో ఇప్పుడు మిగిలింది నేనూ, మా బావా.

ఆ సాయంత్రమే బావ కూడా ఫోను చేశాడు. మా అక్క భర్త, బట్టల వ్యాపారం, మా ఊరి వర్తక సంఘానికి అధ్యక్షుడు. సంతాపసభకు ఫ్లెక్సీ ఆర్డరిచ్చేశాడట. వ్యాపారం పెంచుకుంటూనే మనశ్శాంతి పోకుండా చూసుకోవాలంటే చిన్న వ్యాపారులు ఈ వేసవిలో ఏమేం చదవాలో సంఘం పత్రికలో ఒక పేజీ వేస్తారట, ఆయన జ్ఞాపకార్థం. "నువ్వు బాగా చదివినోడివి కదరా, ఓ పది పేర్లు రాసిపడెయ్. పెద్దాయన ఆత్మ శాంతిస్తుంది" అన్నాడు.

ఆయన ఎవరికీ పది పుస్తకాలు ఇవ్వలేదు. వేసవికి ఒక్కటే ఇచ్చేవారు. ఆ సంగతి బావకు గుర్తుండదు. అందుకే అక్కడ పేర్లు రాయకుండా ఇక్కడ ఇది రాస్తున్నాను.

దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అవగానే కాలువలకు నీళ్ళు కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేదాకా, విత్తనాలూ ఎరువులూ అమ్ముకునే నాలాంటివాడికి ఈగలు తోలుకోవడమే పని. ఆ రెండు నెలలూ మధ్యాహ్నం పూట నా కొట్టు అరుగు మీద నేనూ, బావా, మిఠాయి కొట్టాయనా, మందుల షాపాయనా, సైకిళ్ళ కొట్టాయనా చేరి పేకాడేవాళ్ళం. ఊళ్ళో లేనివాళ్ళ గురించి చెప్పుకునేవాళ్ళం. ఒక ఏడాది, కాలువ కట్టిన మర్నాడు, లైబ్రేరియన్ గారు గొడుగేసుకుని, చేతిలో గుడ్డ సంచీతో వచ్చారు. అయిదు పుస్తకాలు తీసి, ఒక్కొక్కటీ కండువాతో తుడిచి మా చేతుల్లో పెట్టారు. నాకు సముద్ర ప్రయాణాల పుస్తకం. బావకు పిట్టల గురించి. మందులాయనకు పద్యాలు. మళ్ళీ నీళ్ళు వదిలిన మర్నాడు ఇచ్చెయ్యాలి, అంతే షరతు.

వ్యాపారం గురించినవి ఏమీ లేవా అని అడిగాను. "మీ వ్యాపారం గురించి మీకన్నా పుస్తకానికేం తెలుసండి?" అన్నారు.

మొదట నవ్వుకున్నాం. కానీ ఎండ, ఖాళీ, చేతిలో పుస్తకం. వారం తిరిగేసరికి కాలువ గట్టున ఉన్న గ్రంథాలయం గదిలో రెండు నుంచి నాలుగు దాకా కూర్చోవడం అలవాటైంది. ఆ రెండు గంటలూ షట్టర్లు దించేసేవాళ్ళం. మిఠాయి ఆయన కుండతో మజ్జిగ తెచ్చేవాడు. మేం అందరం కూర్చున్నాక గానీ లైబ్రేరియన్ గారు కూర్చునేవారు కాదు. శనివారం నాడు ఒక్కొక్కరం చదివింది చెప్పాలి. బావ వంతు వచ్చినప్పుడల్లా తన పుస్తకంలో గుర్తుకు పెట్టుకున్న పాత పెళ్ళిశుభలేఖ అదే పేజీలో ఉండేది. మందులాయన ఒకసారి, "మీ పిట్ట ఇంకా గుడ్డు దగ్గరే ఉందాండి?" అని అడిగాడు. లైబ్రేరియన్ గారు నవ్వలేదు. మరుసటి వేసవి బావకు మళ్ళీ ఆ పుస్తకమే ఇచ్చారు.

ఆ మొదటి వేసవిలోనే ఒక రోజు మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, పెళ్ళయిన ఇన్నేళ్ళకి కంచం ముందు యూరియా ఊసు కాకుండా ఇంకో మాట విన్నానంది. నేను ఓడల్లో మంచినీళ్ళు ఎలా దాచుకునేవారో చెబుతున్నాను అప్పుడు.

రావులపాలెంలో రెండో కొట్టు పెడదామా అని లైబ్రేరియన్ గారినే అడిగాను. వద్దంటారనుకున్నాను. "పెట్టండి. రెండింటికీ నాలుగింటికీ మధ్య ఏ కొట్లో ఉండరో ముందు తేల్చుకోండి" అన్నారు. పెట్టాను. వేసవిలో ఆ రెండు గంటలూ రెండు చోట్లా మూసేవాణ్ణి. బేరాలు పోలేదని అబద్ధం చెప్పను. పోయాయి. కొట్టు మాత్రం నిలబడింది, నేనూ నిలబడ్డాను. ఇంకోసారి ఎందుకో కిటికీలోంచి ఎండిన కాలువను చూస్తూ, "కట్టేది పూడిక తియ్యడానికండి. నీళ్ళు పారుతుంటే పూడిక కనపడదు" అన్నారు. మమ్మల్ని ఉద్దేశించి అన్నారో, కాలువ గురించే అన్నారో నేను అడగలేదు.

ఆరేడు వేసవులు అలా గడిచాయి. అప్పుడు గ్రంథాలయం ఉన్న స్థలంలో షాపులు కట్టాలని ఆ స్థలం కమిటీవాళ్ళు తలపెట్టారు. వ్యాపారస్తులే వచ్చి గది ఉంచమంటే ఉంచుతామన్నారు. మీటింగు పెట్టి తేల్చేస్తామన్నారు. లైబ్రేరియన్ గారు మమ్మల్ని ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. ఆ ఒక్కటి అడిగారు. ఐదుగురం వచ్చి నిలబడి చెబుతామని మాటిచ్చాం.

మీటింగు రోజు తెల్లవారేసరికి కాలువలో నీళ్ళొచ్చాయి, అనుకున్నదానికన్నా వారం ముందే. ఎనిమిదింటికల్లా నా కొట్టు ముందు విత్తనాల కోసం రైతులు విరగబడ్డారు. బావ స్కూటరు దిగకుండానే కేకేసి చెప్పాడు: "మీటింగు వాయిదా పడిందంట్రా. బేరాలు చూసుకో." మిగతా ముగ్గురికీ అలాగే చెప్పుకుంటూ పోయాడు. ఎవరం వెళ్ళలేదు. మీటింగు జరిగింది. గది పోయింది. అక్కడ లేచిన కాంప్లెక్సులో మొదటి షాపు బావదే.

మర్నాడు లైబ్రేరియన్ గారు గుడ్డ సంచీతో వచ్చారు. నీళ్ళు వదిలారు కదా, షరతు ప్రకారం పుస్తకాలు తీసుకోవాలి. రైతుల మధ్యలోంచి దారి చేసుకుని కౌంటరు దగ్గరికొచ్చి, "చదవడం అయిందాండి?" అని అడిగారు. అయిందన్నాను. కాలేదు. పుస్తకం తుడిచి సంచీలో వేసుకుని పక్క కొట్టుకు వెళ్ళారు. తర్వాత గ్రంథాలయం ఒక అద్దె మేడ మీది మూడో అంతస్తుకు పోయింది. అన్ని మెట్లెక్కి చదివే వ్యాపారి మా ఊళ్ళో లేడు.

ఆయన పోయే ముందు, ఈ మధ్యే, ఆయనకు ఒంట్లో బాగోలేదంటే కొవ్వూరు వెళ్ళాను. మంచం పక్కన కూర్చుని, ఆ రోజు మా బావ అబద్ధం చెప్పడం వల్లే రాలేకపోయామని, ముప్పై ఏళ్ళుగా దాచుకున్నది చెప్పేశాను.

"నాకూ అదే చెప్పారండి ఆయన, దారిలో" అన్నారు.

"మరి మీరు?"

"వెళ్ళి చూశానండి."

ఎత్తిపొడుపేమీ లేదు అందులో. ఏ పుస్తకం ఏ అరలో ఉందో చెప్పినట్టు చెప్పారు.

వచ్చేటప్పుడు వాళ్ళమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. "ఆ రోజు నాన్నగారు ముందే వెళ్ళి ఐదు కుర్చీల మీద న్యూస్ పేపర్లు వేసి పట్టి ఉంచారంట బాబాయిగారూ. అమ్మ చెప్పేది. ఎవరన్నా కూర్చోబోతే, వస్తున్నారండి, దారిలో ఉన్నారు అనేవారంట. అంతా అయ్యాక ఆ పేపర్లు మడతపెట్టి ఇంటికి తెచ్చుకున్నారు" అంది.

ఐదో కుర్చీ మా బావకు.

బస్సు గోదావరి బ్రిడ్జి దాటేంతసేపూ ఒకటే లెక్క నా బుర్రలో. నా కొట్టు నుంచి ఆ కమిటీ హాలు రెండు వందల అడుగులు. నడిస్తే నిజం తెలిసిపోయేది. తెలుస్తుందనే నడవలేదు. కొట్టు ముందు జనం అలా ఉన్నప్పుడు వాయిదా అన్న మాట ఎంత చల్లగా తగిలిందో నేను మరిచిపోలేదు. ఇదంతా ఒప్పుకుంటున్నాను, అచ్చులోనే ఒప్పుకుంటున్నాను.

అయినా కోపం పూర్తిగా నా వైపు మళ్ళడం లేదు. లైబ్రేరియన్ గారంత పెద్దమనసు నాకు ఏ పుస్తకమూ ఇవ్వలేదు. అబద్ధాలు అందరం ఆడతాం. మేం ఏ అబద్ధాన్ని మారు మాట్లాడకుండా పుచ్చుకుంటామో కనిపెట్టి, సరిగ్గా ఆ రోజు, ఆ గంటకు తెచ్చి ఇచ్చినవాణ్ణి మాత్రం క్షమించలేను. ఫ్యాను గాలికి కుర్చీల మీద పేపర్లు లేచిపోతుంటే, ఒక్కొక్కటీ మళ్ళీ సర్దుకుంటూ గుమ్మం వైపు చూస్తున్న మనిషి నాకు రోజూ కనిపిస్తున్నాడు. కనిపించినప్పుడల్లా నేను తిట్టుకునేది ఒక్కణ్ణే. మా అక్క మొగుణ్ణి.