కొమురయ్య చెలుక

తొలకరి పడగానే మా బొగ్గు గని దగ్గర రెండు వాసనలు లేస్తాయి. ఒకటి తవ్విపోసిన రాళ్ల గుట్టలది, తడిసిన సున్నం లాంటిది. రెండోది మన్నుది. పర్యావరణ అధికారిగా చేరిన కొత్తలో నాకు రెండూ ఒక్కటే. ముక్కును వాడడం నేర్పింది రూతమ్మ.

రూతమ్మ గని నర్సరీలో మేస్త్రీ, గని కింద పోయిన ఊరి మనిషే. ఆదివారం లక్సెట్టిపేట చర్చికి తప్ప సెలవు పెట్టేది కాదు. తవ్వే ముందు పొలాల పైమన్నును విడిగా తీసి కుప్ప పోయాలి, తర్వాత దాన్ని రాళ్ల గుట్టల మీద పరచి చెట్లు పెంచాలి. అదీ నియమం. మా పటంలో కుప్పలకు నంబర్లుండేవి. ఆమెకు మాత్రం ఏ మెట్టపొలం, ఏ మడి మన్నైతే ఆ పేరే: ఏడో నంబరు "కొమురయ్య చెలుక", తొమ్మిదోది "పోచవ్వ మడి". నేను నవ్వేవాణ్ణి.

"నవ్వు సారూ, నవ్వు. జానెడు మన్ను గావాల్నంటె ఎన్ని తరాలు పడ్తదో నీ పుస్తకంల రాసి లేదా?" అనేది.

ఒక ఏడాది వానలకు ముందు రాళ్లు పోయడానికి జాగా చాలలేదు. ఏడో నంబరు కుప్ప మీదే పోయించమన్నాడు మా పై అధికారి. అక్కడ పైమన్ను లేదని నన్ను సంతకం పెట్టమన్నాడు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పెడదామనే అనుకున్నాను. ఆ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

కాగితం పట్టుకుని కుప్ప దగ్గరికి వెళ్లేసరికి, రాళ్లు పోయడానికి వెనక్కి వస్తున్న డంపరు లారీకి అడ్డంగా రూతమ్మ నిలబడి ఉంది.

"కొమురయ్య చెలుక మీద రాళ్లు పోస్తవా? జర దిగి మన్ను వాసన జూడు" అని డ్రైవరు మీద కేకలేస్తోంది. అతను ఇంజన్ ఆపేశాడు.

"రూతమ్మా, ఇది నీ చెలుక కూడా కాదు. ఎందుకింత పంతం?" అన్నాను విసుగ్గా.

"నా చెలుక ఎన్నడో రాళ్ల కిందికి పోయింది సారూ. గప్పుడు దస్కతు జేసినాయన గీ దిక్కే రాలే. నువ్వన్న వచ్చినవ్. కండ్లార జూసి చెయ్."

వంగి పిడికెడు మన్ను తీసి వాసన చూశాను. "పైమన్ను ఉంది" అని రాసి పంపాను. పర్మనెంటు ఏడాది వెనక్కి పోయింది, ఇంట్లో తిట్లు తిన్నాను. కుప్ప మాత్రం నిలిచింది. ఇప్పుడు ఆ మన్నులో కానుగలు, వేపలు నా తల దాటి పెరిగాయి. వాటిని చూశాకే రూతమ్మ కన్నుమూసింది.

ఈరోజు ఆ పై అధికారి కుర్చీ నాది. సంతకానికి కాగితం రాగానే బూట్లు తొడుక్కుని కుప్పల వైపు నడుస్తాను. ఆఫీసులో వెనక నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఇందులో నా గొప్పేమీ లేదు. చూడకుండా పెట్టిన సంతకం కింద ఎవరి చెలుక పడి ఉంటుందోనని నాకు భయం.